ఆయ్ అంటే ఆరోగ్యం

నడిలంక పెద్దాసుపత్రిలో రోగమన్నది లేకుండా పోయిన వారంలోనే కడలి మాణిక్యం తన మొగుణ్ణి కొబ్బరికాయలు తోలే తోపుడుబండి మీద పడుకోబెట్టి అక్కడికి తీసుకొచ్చింది. అలా వేళాపాళా చూసుకోకుండా రావడం ఆవిడ తప్పే.

మొగుడి పేరు అబ్బులు. దింపు పని చేస్తాడు. అంటే కొబ్బరిచెట్టెక్కి గెలలు కోసి దింపుతాడు. మట్ట గీరుకుని కుడి పాదానికి పుండు పడింది. ఒంట్లో షుగరుంది. పుండు మానలేదు, చీము పట్టింది, ఇప్పుడు చిటికెనవేలు నల్లబడింది. చెట్టెక్కేవాడికి పాదం అంటే ఏమిటో కుర్చీలో కూర్చుని జీతం తీసుకునేవాడికి ఎంత చెప్పినా ఎక్కదు. పాదం పోతే అబ్బులు ఇక నేల మీద మనిషే. అతను నేల మీదుంటే వాళ్ళింట్లో పొయ్యి వెలగదు. మాణిక్యం బండిని పరిగెత్తించుకుంటూ వచ్చింది అందుకే.

ఇదివరకు ఆసుపత్రి గుమ్మంలో చీటీ రాసే మనిషి ఉండేవాడు. విసుక్కునేవాడు, కసురుకునేవాడు, కానీ రాసేవాడు. ఇప్పుడక్కడ మనిషెత్తు అద్దాల పెట్టె ఒకటి నిలబడి ఉంది. దాని పేరు స్వస్థవాణి. దాన్ని పెట్టించింది వైద్య వ్యయ నియంత్రణ శాఖ. వైద్యానికి ఇంత ఖర్చు ఎక్కడ పుడుతోందని ఆ శాఖవారు చాలాకాలం పరిశోధించి, చివరికి అది రోగి నోట్లో పుడుతోందని కనిపెట్టారు. రోగి నోరు తెరిచి ఫలానా చోట నొప్పి అన్నాకే గదా మందు, సూది, మంచం, దుప్పటి! కాబట్టి నోరు తెరిచిన చోటే ఖర్చుని పట్టుకోవాలి. పెట్టె ఒక్క ప్రశ్న అడుగుతుంది. జవాబును బట్టి పచ్చ చీటీ గానీ ఎర్ర చీటీ గానీ బయటికొస్తుంది. ఎర్ర చీటీ చూపిస్తే తప్ప మందుల బీరువా తెరుచుకోదు, ఆపరేషన్ గది తలుపూ తెరుచుకోదు. పెట్టె వచ్చిన దగ్గర్నించీ ఒక్క ఎర్ర చీటీ కూడా రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే ఒక మాట గురించి చెప్పాలి. ఆ ప్రాంతంలో పెద్దవాళ్ళతోనో కొత్తవాళ్ళతోనో మాట్లాడేటప్పుడు ముందు ‘ఆయ్’ అంటారు. అది ఔననీ కాదు, కాదనీ కాదు. మీ మాట విన్నాను, గౌరవంగానే విన్నాను, ఇక నా మాట చెబుతున్నాను అని అర్థం. ‘ఈ దొడ్డి మీదేనా?’ అని అడిగితే ‘ఆయ్, మాది కాదండి’ అంటారు. పెట్టెకి తెలుగు నేర్పినవాళ్ళు రాజధానిలో చల్లటి గదిలో కూర్చుని నేర్పారు. గోదారివాళ్ళు ఔనుని ‘ఆయ్’ అంటారని ఎవరో చెబితే రాసుకున్నారు. అంతటితో పరిశోధన ముగించి భోజనానికి వెళ్ళారు.

అబ్బులైతే ఆ మాటకి పుట్టినిల్లు. చెట్టు మీదనించి కిందివాళ్ళకి సమాధానం చెప్పేటప్పుడు కూడా ముందు ‘ఆయ్’ కిందపడేది, తర్వాత కాయ పడేది.

“నమస్కారము. తమరు స్వస్థులేనా?” అని అడిగింది పెట్టె, తేనె పూసిన ఆడగొంతుతో.

అబ్బులు బండి మీదనించి తల ఎత్తి, చేతులు జోడించాడు. “ఆయ్! కాలు కుళ్ళిపోతందండి. ఏలు నల్లగా అయిపోయిందండి.”

“మిక్కిలి సంతోషము. తమరు స్వస్థులని నమోదైనది. తరువాతివారు రావలెను.”

పచ్చ చీటీ నాలుకలా బయటికొచ్చింది.

“ఏంటే నువ్వు సంతోషించేది?” మాణిక్యం పెట్టె మీదకి లేచింది. “కాలు సూడవే! కళ్ళు పోయాయా?”

“దానికి కళ్ళు లేవక్కా,” అన్నాడు దుర్గారావు. అతను ఆసుపత్రి వాచ్‌మన్. ఇప్పుడు స్వస్థవాణి సహాయకుడని కొత్త పేరు పెట్టి, చొక్కా మాత్రం పాతదే ఉంచారు. “చెవులొక్కటే. అవీ రోగి మాటే వింటాయి. కళ్ళు పెడితే ఖరీదెక్కువని తీయించేశారు.”

“నీకున్నాయి కదరా?”

“నాకున్నాయి. వాటికి పర్మిషన్ లేదు.”

ఈ గొడవకి డ్యూటీలో ఉన్న డాక్టర్ ఫణిశ్రీ బయటికొచ్చింది. చిన్నపిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. వరండాలోనే వంగి కట్టు విప్పి చూసింది.

“ఇవాళే కోసి శుభ్రం చెయ్యాలమ్మా. సూదిమందు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే వేళ్ళు పోతాయి. ఇంకా ఆలస్యమైతే పాదం.”

“మరి చెయ్యండి తల్లీ!”

ఫణిశ్రీ పచ్చ చీటీ వైపు చూసింది, తాళమేసిన బీరువా వైపు చూసింది. తర్వాత తన సొంత సంచిలోంచి దూదీ సీసా తీసి, ఆ వరండాలోనే చేతనైనంత కడిగి కట్టు కట్టింది. మర్నాడు ఆవిడకి మెమో వచ్చింది. ‘స్వస్థుడని ధ్రువీకరింపబడిన పౌరునికి చికిత్స చేసి, తద్వారా అతని ఆరోగ్యమును అవమానించి, శాఖ యొక్క విజయమును పుండుగా చూపినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను.’

ఆ రోజు ఇంటికెళ్ళాక మాణిక్యం మొగుణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా నిలబడి పెట్టె అవతారమెత్తింది.

“తమరు బాగున్నారా?”

“ఆయ్, బాగోలేదండి.”

“ఆ ఆయ్ తీసెయ్యి.”

“ఆయ్!”

“తీసెయ్యవయ్యా అంటే మళ్ళీ పెడతావేంటి? నేనేం కలెక్టర్నా, పెళ్ళాన్ని! ఉత్తినే బాగోలేదు అను.”

“ఉత్తినే ఎలా అంటానే? ఎదటి మనిషి అంత మర్యాదగా అడుగుతుంటేనూ.”

“అది మనిషి కాదు. పెట్టి.”

“పెట్టయినా ఆడగొంతు కదే. ఇనేవాళ్ళేమనుకుంటారు?”

మాణిక్యం నెత్తి కొట్టుకుంది. పొద్దు వాలేదాకా అడిగింది. అతను కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి, చెమటలు కక్కుతూ మాట తెచ్చుకునేవాడు. తీరా నోరు తెరిస్తే ముందుగా వచ్చేది అదే. ఒక్కసారి మాత్రం ‘ఆయ్’ లేకుండా ‘బాగోలేదు’ అనగలిగాడు. ఆ సంతోషంలో మాణిక్యం “అదీ! వచ్చిందా మరి?” అంటే “ఆయ్!” అన్నాడు.

సరే, ఏదైతే అదయిందని మళ్ళీ బండి తోసుకుని వెళ్ళింది. ఈసారి అతన్ని ఏమీ మాట్లాడొద్దంది. ఉత్తినే మూలిగితే చాలంది. మూలుగుకి యాస ఉండదు గదా అని ఆవిడ ఎత్తు. పెట్టె ప్రశ్న అడగ్గానే అతని పాదం మీద చిన్నగా వేలితో నొక్కింది.

“అయ్యబాబోయ్! అయ్ అయ్ అయ్!”

“పలుమార్లు ధ్రువీకరించినారు,” అంది పెట్టె. “తమరు అత్యంత స్వస్థులు.”

ఈ సంగతి అప్పటికి ఎవరికీ తోచలేదు గానీ, తెలుగువాడి నొప్పి ‘అయ్’తోనే మొదలవుతుంది. అయ్యో అన్నా, అయ్యబాబోయ్ అన్నా పెట్టెకి ఔననే వినిపిస్తుంది. ఎంత బాధపడితే అంత ఆరోగ్యం. అంతకు ముందురోజు నొప్పులు పడుతూ వచ్చిన ఒక పిల్ల గుమ్మంలో పెట్టిన కేకలకి, రాష్ట్రంలోనే ఇంత ఆరోగ్యవంతురాలు లేదని పెట్టె తేల్చింది. ఆ పిల్ల ఆటోలోనే కనేసింది. ఉబ్బసం ముసలాయన ఒకడు ఆయాసంతో నోట మాట రాక నిలబడిపోతే, ‘సమాధానము లేదు గనుక అభ్యంతరము లేదు’ అని ఆయనకీ పచ్చ చీటీ ఇచ్చింది.

ఇలా అందరూ స్వస్థులైపోయాక, నడిలంకని రోగరహిత పట్టణంగా ప్రకటించడానికి వ్యయ నియంత్రణాధికారి పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. వార్డుల్లో మంచాలు ‘నిరుపయోగ శయన సామగ్రి’ అని పేరుపెట్టి అప్పటికే ఏదో రిసార్టుకి పంపేశారు. డాక్టర్ ఫణిశ్రీని స్వస్థతా ఉత్సవాధికారిగా మార్చి, వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లే పని అప్పగించారు.

“సోదర సోదరీమణులారా!” అన్నారు పరాంకుశం గారు. ఆయన సన్నగా, ఇస్త్రీ చెదరకుండా ఉంటారు. “రోగమనేది ఒక దృక్పథము. దానిని అడుగుట వలననే అది కలుగుచున్నది. పూర్వము వైద్యులు ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి నొప్పి అని ప్రజలను రెచ్చగొట్టేవారు. ఆ దుస్సంప్రదాయమునకు మేము చరమగీతం పాడినాము. నేడు ఈ పట్టణమున వైద్య వ్యయము శూన్యము. మృతి చెందినవారు సైతం ఆరోగ్యముగా మృతి చెందినట్లు మా వద్ద సమాచారమున్నది.”

ముందు వరసలో చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్యనించి కిర్రుకిర్రుమంటూ తోపుడుబండి షామియానాలోకి వచ్చింది.

“అయ్యా, మా ఆయన కాలు సూడండి,” అంది మాణిక్యం.

“అమ్మా, మీ వారు అత్యంత స్వస్థులు. వారి సమాచారం ఇప్పుడే నా ఫోనులో చూచితిని.”

“ఫోనులో కాదు బాబూ, బండిలో సూడండి. ఆయన బాగోలేదనే చెప్పాడు. మీ పెట్టికి మా మాట తెలీదు. మేం ఆయ్ అంటే ఔననుకుంటంది. ఓ పని చెయ్యండి, ఆ ప్రశ్న తిరగేసి అడగమనండి. జబ్బుందా అని అడగమనండి. అప్పుడు ఆయ్ అన్నా ఇబ్బంది లేదు.”

పరాంకుశం గారు ఉలిక్కిపడ్డారు. ఇంత ప్రమాదకరమైన ఆలోచన ఆయన ఉద్యోగ జీవితంలో వినలేదు.

“జబ్బుందా అని అడిగినచో అందరికీ జబ్బు ఉండును గదమ్మా! రాష్ట్రమేమి కావలెను? యంత్రంలో దోషము ఉండదు. దోషమల్లా మీ నాలుకయందున్నది. దానిని సంస్కరించెదము.”

వారం తిరక్కుండా సంస్కరణ వచ్చింది. ఆ ఆసుపత్రిలో సర్జన్ ఉద్యోగం చాలా కాలంగా ఖాళీగా ఉంది. దాన్ని రద్దుచేసి, ఆ స్థానంలో ఒక తెలుగు పండితుణ్ణి వేశారు. జబ్బు చేసినవాళ్ళు ముందుగా ఆయన దగ్గర ఉచ్చారణ నేర్చుకుని, ఉత్తీర్ణులయ్యాక పెట్టె ముందుకి వెళ్ళాలి. పేరు తిరువీధుల శాస్త్రిగారు. మంచివాడే. ఆపరేషన్ గదిలో నల్లబల్ల పెట్టుకుని పాఠం చెప్పేవాడు.

“అనండి నాయనా. నేను స్వస్థుడను కాను.”

“ఆయ్! నేను స్వస్తుణ్ణి కానండి.”

“చివర ‘అండి’ అనవసరం. మొదట ఉన్నది ఏ వ్యాకరణంలోనూ లేదు. మళ్ళీ.”

“ఆయ్!”

“అదే, అదే లేదంటున్నాను!”

“ఆయ్, లేదండి.”

శాస్త్రిగారు సుద్దముక్క కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. క్లాసులో అబ్బులుతో పాటు జ్వరాలవాళ్ళూ, చెయ్యి విరిగినవాళ్ళూ ఉన్నారు. జ్వరాలవాళ్ళలో కొంతమందికి పాఠం పూర్తయ్యేలోపల జ్వరం దానంతటదే తగ్గిపోయింది. చెయ్యి విరిగినవాడిది వంకరగా అతుక్కుంది. ఈ ఫలితాలు శాఖవారికి బాగా నచ్చాయి.

అబ్బులు పాదం మాత్రం పాఠానికి లొంగలేదు. ఫణిశ్రీ పన్నీరు బుడ్డి పక్కన పెట్టి మాణిక్యాన్ని చాటుకి పిలిచింది.

“రెండో వేలు కూడా నల్లబడిందమ్మా. ఈ రెండు మూడు రోజులు దాటితే పాదం దక్కదు. నేను సెలవు పెట్టి నా డబ్బుతో పట్నం తీసుకెళ్తానంటే, ‘ఆరోగ్యవంతుణ్ణి అపహరించుట’ అని కేసు పెడతామన్నారు.”

మాణిక్యం బండి తోసుకుంటూ వెళ్ళి పెట్టె ముందు ఆపింది. పాఠం గీఠం ఏమీ అక్కర్లేదనుకుంది.

పెట్టె ఈసారి పాత ప్రశ్న వెయ్యలేదు.

“తమరు పలుమార్లు స్వస్థులై వచ్చి యంత్ర సమయమును వ్యర్థము చేయుచున్నారు. ఇకమీదట తమకు ఎట్టి రోగమూ రాదని హామీ ఇచ్చుచున్నారా?”

దుర్గారావు పరిగెత్తుకొచ్చాడు. “అక్కా, అబ్బులు బావని మాట్టాడనివ్వకు. ఔనన్నాడంటే ఇక ఈ జన్మకి ఏ ఆసుపత్రి తలుపూ తియ్యరు. పేరే కొట్టేస్తారు.”

మాణిక్యం చప్పున మొగుడి నోరు మూసేసింది.

“సమాధానము లేనిచో హామీగా స్వీకరింపబడును,” అంది పెట్టె. దాని అద్దం మీద ఎర్ర అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి.

ఆవిడ చెయ్యి తీసేసింది. నోరు తెరిస్తే పాదం పోతుంది, మూస్తే పాదం పోతుంది. అబ్బులు పెట్టె వైపు చూశాడు. అద్దంలో తన పాదమే కనపడింది, ఈగలు ముసురుకుని. నలభై ఏళ్ళు చెట్లెక్కిన పాదం. అతని మెడ మీద నరాలు ఉబ్బాయి. గొంతులోంచి ఏదో పైకి వస్తోంది. అది ఏ మాటో మాణిక్యానికి తెలుసు. కళ్ళు మూసుకుంది.

“ఓసి నీ మొహం తగలెయ్యా!” అన్నాడు అబ్బులు. “కాలు కుళ్ళి నేను చత్తంటే హామీ అడుగుతావంటే, దిక్కుమాలిందానా! నీ నోట్లో మట్టి కొట్టా! నీ పెట్టి పగిలిపోనూ!”

ముందు ఆయ్ లేదు. వెనక అండీ లేదు. దుర్గారావు నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు. అబ్బులు ఆ మాటలు తన నోటినించే వచ్చాయని నమ్మలేక, ఎవరన్నారోనని వెనక్కి తిరిగి చూశాడు.

పెట్టె కాసేపు గిర్రుమంది. లోపల ఏదో ఎర్రగా వెలిగింది.

“దురుసు ప్రవర్తన నమోదైనది. ఇతనిని మానవ సిబ్బందికి అప్పగించడమైనది.”

ఎర్ర చీటీ! దుర్గారావు దాన్ని ఎగిరి అందుకున్నాడు. మందుల బీరువా దానంతట అదే టక్కున తెరుచుకుంది. తర్వాత తెలిసిందేమంటే, పెట్టె చాలా ఖరీదైంది, వింటూ వింటూ నేర్చుకునే రకం. తిట్లు వింటే చెడిపోతుంది. మనుషులైతే చవక, ఇప్పటికే చెడిపోయి ఉన్నారు. అందుకని తిట్టేవాణ్ణి వెంటనే మనుషుల మీదకి తోలేయమని దాని కడుపులో రాసిపెట్టారు.

ఫణిశ్రీ పన్నీరు బుడ్డి విసిరికొట్టి పరిగెత్తింది. శాస్త్రిగారి నల్లబల్ల బయటికి మోయించింది. రెండు వేళ్ళు తీసేసింది, పాదం నిలబెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ మాణిక్యానికి చెప్పింది. “నెల పైన రోజూ కట్టు మార్చాలి, సూది పడాలి. మధ్యలో ఆపితే ఇంత చేసిందీ వృథా.”

రోజూ కట్టు అంటే రోజూ ఎర్ర చీటీ. రోజూ ఎర్ర చీటీ అంటే రోజూ ఒక తిట్టు. అబ్బులు తెల్లవారి లేచి, పళ్ళు తోముకుంటూ ఆ రోజుకి కావలసిన తిట్టు ఆలోచించుకునేవాడు. దొరక్కపోతే మాణిక్యాన్ని అడిగేవాడు. ఆ విషయంలో ఆవిడ దగ్గర కొదవలేదు.

సంగతి ఊరంతా పాకింది. ఇక చూడాలి జనాన్ని! తరతరాలుగా ఎదుటివాణ్ణి ‘మీరు’ అనడమే తెలిసిన మనుషులు తిట్టడం నేర్చుకోవడానికి పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. గుండెనొప్పితో వచ్చిన ఒకాయన “మీరు నాశనమైపోవాలండి” అన్నాడు. “తమ సూచనకు కృతజ్ఞతలు” అంది పెట్టె. రిటైరైన మేష్టారొకరు “నీ ప్రవర్తన ఏమంత బాగా లేదు” అని వణుకుతూ అన్నారు. “విమర్శ స్వీకరించడమైనది, తమరు స్వస్థులు” అంది. అప్పుడు మాణిక్యం వరండాలో చాపేసుకుని కూర్చుంది. జ్వరానికొక తిట్టు, విరేచనాలకొక తిట్టు నేర్పి పంపేది. శాస్త్రిగారు ఓ మూల కూర్చుని వినీ వినీ, చివరికి తన బెంచీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాడు.

“‘నీ జిమ్మడ’ అనేది చాలా పాత మాటమ్మా. అందులో బలం ‘జి’ మీద ఉంది, అక్కడ నొక్కమనండి,” అనేవాడు.

మంచాలు వెనక్కి తెప్పించారు. ఆసుపత్రి మళ్ళీ రోగులతో, మందుల వాసనతో, మూలుగులతో కళకళలాడింది. ఇది చూసి పరాంకుశం గారికి నిద్రపట్టలేదు. వ్యయం సున్నా దాటింది. ఎందుకు దాటిందని విచారిస్తే తిట్ల వల్లనని తేలింది. ఆయనకి వెంటనే పరిష్కారం తోచింది. ఖర్చుని తగ్గించాలంటే తిట్లని తగ్గించాలి.

‘దూషణల విచ్చలవిడి వినియోగమును క్రమబద్ధీకరించుట’ అని ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతి పౌరునికీ నెలకొక దూషణ మాత్రమే మంజూరు. వాడుకున్నవారు వచ్చే నెల వరకు మర్యాదగా ఉండవలెను. ఒకరి దూషణను మరొకరికి బదలాయించరాదు. గొంతు గుర్తుపట్టి యంత్రము తిరస్కరించును.

అబ్బులు తన నెల తిట్టు ఒకటో తారీఖునే వాడేశాడు. మర్నాడు ఎంత తిట్టినా పెట్టె పలకలేదు. మూడోనాటికి కట్టు తడిసింది. సూది ఆగిపోయింది. నాలుగోనాడు పొద్దున్నే మాణిక్యం ముక్కుకి ఆ పాత వాసన తగిలింది.

ఆవిడ దుర్గారావు చేత ఆ ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా చదివించింది.

“మళ్ళీ సదువు. నెలకొకటి అన్నారు. ఎక్కడ వాడుకోవాలో రాశారా?”

దుర్గారావు వేలు పెట్టి వెతికాడు. “లేదక్కా. పౌరునికి మంజూరని ఉందంతే.”

“పెట్టి మీదే వాడాలని లేదు కదా?”

“లేదు.”

“అయితే పద.”

ఆ రోజు నడిలంకలో ఎవ్వరూ పెట్టె ముందుకి పోలేదు. జ్వరాలవాళ్ళు దుప్పట్లు కప్పుకుని, కాలు విరిగినవాళ్ళు కర్రలూతంగా, బాలింత పిల్లని చంకనేసుకుని, అందరూ తమ నెల తిట్టుని భద్రంగా నోట్లో దాచుకుని ట్రాక్టర్లెక్కారు. దారిలో ఒకరితో ఒకరు పేచీ పడ్డా, ఎక్కడ ఖర్చయిపోతుందోనని పళ్ళు బిగించుకున్నారు. అబ్బులుని తోపుడుబండితో సహా ఎక్కించారు. శాస్త్రిగారు ఎక్కాడు. ఫణిశ్రీ కట్టు సామాన్ల సంచి భుజానేసుకుని ఎక్కింది. తనకీ ఒకటి మంజూరైందంది.

వ్యయ నియంత్రణ కార్యాలయం జిల్లా కేంద్రంలో మూడంతస్తుల మేడ. జనం దాని ముందు నిండిపోయారు. మాణిక్యం చెయ్యెత్తింది. ఒక పట్టణానికి మంజూరైన నెల దూషణలన్నీ ఒక్క ఊపిరిలో ఖర్చయ్యాయి. పావురాలు లేచిపోయాయి. కిటికీ అద్దాలు ఝల్లుమన్నాయి. శాస్త్రిగారు కళ్ళు మూసుకుని పాతకాలపు గ్రాంథికంలో ఒకటి విసిరి, ఇన్నాళ్ళకి కడుపు తేలికైనట్టు నిట్టూర్చాడు. డాక్టరమ్మ అన్నదేమిటో పక్కనున్నవాళ్ళు విన్నారు గానీ అచ్చులో వెయ్యడానికి వీల్లేదు.

పరాంకుశం గారు పై అంతస్తు వసారాలోకి వచ్చారు. ఇస్త్రీ కొంచెం నలిగింది.

“ఏమి కోరుచున్నారు? మీ దూషణలన్నియు వినియోగమైపోయినవి. ఇక మీకు ఈ నెల హక్కు లేదు.”

నిజమే, ఎవరి దగ్గరా ఏమీ మిగల్లేదు. జనం నిశ్శబ్దంగా పక్కకి జరిగారు. మధ్యలోంచి తోపుడుబండి ముందుకొచ్చింది. అబ్బులు లేచి కూర్చున్నాడు.

“మేం తిట్టమండి,” అన్నాడు మామూలు గొంతుతో. “మీరు కిందికి రండి. వచ్చి ఈ కట్టు ఇప్పి సూడండి.”

“అందుకు సిబ్బంది ఉన్నారు.”

“ఉన్నారండి. బీరువా తాళం మీ దగ్గరుందండి. రండి.”

జనం వెళ్ళలేదు. కూర్చున్నారు. గేటు బయటా, మెట్ల మీదా, వరండాలోనూ కూర్చున్నారు. ఎవ్వరూ ఏమీ అనలేదు. ఎంతసేపు చూసినా ఎవ్వరూ ఏమీ అనలేదు. తిట్టినప్పుడు లేని భయం పరాంకుశం గారికి అప్పుడు పట్టుకుంది. ఆయన మెట్లు దిగడం మొదలుపెట్టారు.

బండి దగ్గరికి వచ్చేసరికి జేబురుమాలు ముక్కుకి పోయింది. ఆయన చేతిలోకి వచ్చిన ఏ నివేదికకీ ఈ వాసన లేదు. ఫణిశ్రీ సంచిలోంచి చేతి తొడుగులు తీసి అందించింది. జేబురుమాలు పట్టుకుని తొడుగులు వేసుకోవడం కుదరక, ఆయన రుమాలు వదిలేయవలసి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చున్నారు. తడిసి బిగుసుకుపోయిన ముడిని ఎటు లాగాలో తెలియక గోళ్ళతో పీకుతున్నారు. చుట్టూ ఇంతమంది ఉన్నా ఎవరూ సాయం చెయ్యలేదు.

“నెమ్మదండి,” అన్నాడు అబ్బులు. “అక్కడ నొప్పండి.”